అలాస్కా ఎక్కడ?

జాన్ గ్రీన్ తొలి నవల ‘లుకింగ్ ఫర్ అలాస్కా’ 2005లో వచ్చి, మరుసటి ఏడాదే ప్రింట్జ్ అవార్డు కొట్టేసింది. అంత పేరున్న పుస్తకం చివరికొచ్చేసరికి ఉసూరుమనిపిస్తుంది.

హాస్టల్ బతుకును మటుకు రచయిత బాగా పట్టుకున్నాడు. అలబామాలో తను చదివిన బోర్డింగ్ స్కూలే మూలం మరి. ఏసీ లేని గదుల్లో ఉక్కపోత, వాగొడ్డున దొంగ సిగరెట్లు, శనాదివారాలకు ఇళ్లకు చెక్కేసే డబ్బున్న పిల్లలంటే స్కాలర్‌షిప్ కుర్రాడు చిప్‌కు మంట... నూనెలో వేయించిన ఆ బరిటో సంగతైతే చదువుతుంటేనే నోరూరుతుంది.

చిక్కంతా అలాస్కా అనే అమ్మాయితోనే. కథ చెప్పే కుర్రాడు మైల్స్ కళ్లకు ఆమె అందం, కోపం, దిగులు ఆనతాయి, మనిషి ఆనదు. ఆమె చనిపోయాక (చదవనివాళ్లు మన్నించాలి) కథ అపరాధ పరిశోధనలోకి దిగి, మైల్స్ మతాల క్లాసుకు రాసిన వ్యాసంతో ముగుస్తుంది. అమ్మాయి పోయింది, అబ్బాయికి జ్ఞానోదయమైంది!

2019లో హులు తీసిన 8 ఎపిసోడ్ల సిరీస్‌లో ఆమెకు కాస్త ఎక్కువ చోటు దొరికింది.