పొదిలికొచ్చిన మాహిష్మతి

పొదిలి బజారులో ఆటో మైకు మోగిందంటే అది ఎన్నికలకైనా అయ్యుండాలి, ఎగ్జిబిషన్‌కైనా అయ్యుండాలి. రెంటి గొంతూ ఒకటే, హామీలూ ఇంచుమించు ఒకటే. ఆ వేసవిలో మోగింది రెండో రకం. బాహుబలి సినిమాలోని మాహిష్మతి సామ్రాజ్యం మన ఊరికే వచ్చేసిందనీ, కోట, ఏనుగులు, రాజమాత సింహాసనం, వీటన్నిటినీ మించి ఆకాశం నుంచి దూకే జలపాతం చూడొచ్చనీ పొద్దస్తమానం ఊదరగొట్టింది. ఎగ్జిబిషన్ వాళ్ళు వచ్చే అదను కూడా గమనించాలి. పొగాకు వేలం సాగుతుంటుంది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుంటాయి, బళ్ళకు సెలవులు. ట్యాంకరు రాకముందే బిందెలు వరసలో పెట్టుకునే ఊరికి జలపాతం చూపిస్తామంటే ఎవరు ఆగుతారు?

నేను అసలే ఆగే రకం కాదు. 2015 జులై 10న బాహుబలి మొదటి భాగం వచ్చింది మొదలు 2017 ఏప్రిల్ 28న రెండోది వచ్చేదాకా, బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న మీద బతికిన జనంలో నేనూ ఉన్నాను. అలాగని అమాయకుణ్ణీ కాదు. కళాదర్శకుడు సాబు సిరిల్ ఆధ్వర్యంలో రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్ వేశారనీ, తెర మీద కనిపించే ఎత్తులో చాలా భాగం కంప్యూటర్ పనేననీ తెలుసు. ఆ జలపాతంలో కేరళలోని అతిరప్పిళ్ళి కొంతే, మిగతాది గ్రాఫిక్స్ వాళ్ళు పోసిన నీళ్ళు. కాలకేయుల కిలికి భాషను మదన్ కార్కి కూర్చాడని కూడా, ఎవరూ అడక్కపోయినా, చెప్పగలను. అభిమానికి ఏమీ తెలియదని ఎగ్జిబిషన్ వాళ్ళు అనుకుంటారు. అన్నీ తెలిసి, ఒక్క పూట తెలియనట్టు ఉందామని టిక్కెట్టు కొనేవాడండీ అభిమాని.

మా అక్క కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళాను. కోట ముఖద్వారం రోడ్డు మీంచి చూస్తే బాగానే ఉంది. రెండు థర్మాకోల్ ఏనుగులు తొండాలెత్తి నిలబడ్డాయి. ఒకదాని తొండం విరిగితే టేపు చుట్టారు. అది దాటి అడుగుపెడితే కోట అయిపోయింది. ద్వారం వెనక సరుగుడు కర్రలు, టార్పాలిన్ పట్టాలు, ఆ వెనక ప్లాస్టిక్ బుట్టలు, గాజులు, ఢిల్లీ అప్పడం. భల్లాలదేవుడి విగ్రహమేమో ఫ్లెక్సీ మీద బొమ్మ. సింహాసనం మీద కూర్చుని ఫోటో దిగాలంటే వేరే టిక్కెట్టు. ఆ కుర్చీ ఏ కళ్యాణమండపం నుంచి అద్దెకు తెచ్చారోగానీ, రాజమాత కన్నా ముందు పెళ్ళికూతుళ్ళు చాలామందే కూర్చున్నట్టుంది.

"మామా, జలపాతమేది?"

ఇనప చట్రానికి నీలం గుడ్డ కట్టి, దాని మీద సీరియల్ బల్బులు వేలాడదీశారు. కింద సిమెంటు తొట్టి, దాంట్లో ఖాళీ గుట్కా పాకెట్లు. పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి అడిగాను.

"ఏడింటికి మోటారేస్తాం అన్నా."

ఏడు దాటాక మళ్ళీ అడిగాను.

"ట్యాంకరు రాలా అన్నా. ఫోన్ చేస్తంటే ఎత్తట్లా."

మా వీధి ఆడవాళ్ళు ఎండాకాలమంతా అనే మాటే ఇది. మాహిష్మతికి కూడా పొదిలి కష్టం తప్పలేదే అని కోపంలోనూ నవ్వొచ్చింది.

బొమ్మ కోట బొమ్మలాగే ఉందని నేను బాధపడలేదు. 1885లో కడప జిల్లా సురభిలో 'కీచకవధ'తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సంప్రదాయం ఇప్పటికీ 'మాయాబజార్' ఆడుతోంది. బాణం బాణం గుద్దుకుని మెరుపులు రాలుతుంటే ముందు వరసవాళ్ళకు తీగ కనపడుతుంది, అయినా ఈలలు ఆగవు. శివరాత్రికి కోటప్పకొండకు తరలే విద్యుత్ ప్రభలు 90 అడుగుల దాకా లేస్తాయి. అవీ కర్రలే, తాళ్ళే, బల్బులే. 2015 వినాయక చవితికి వీధివీధినా గణపతి బాహుబలిలో ప్రభాస్ మాదిరి శివలింగాన్ని భుజానికెత్తుకున్నాడు. ఒకచోట రంగు కారింది, ఒకచోట లింగం పక్కకు ఒరిగింది, ఎవరికీ రోషం రాలేదు. చందాలు వేసుకున్న పిల్లలు చేతనైనంతా చేశారని అందరికీ కనపడుతోంది మరి. ఇక్కడ చేతనైనదంతా మైకులోనే ఖర్చయింది.

ఇందులో వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఎగ్జిబిషన్ నెలో నలభై రోజులో ఉండి, సామాను లారీలకెక్కించుకుని దర్శికో కనిగిరికో పోతుంది. నేను ఒక్కసారి గేటు దాటితే చాలు, రెండోసారి వస్తానా రానా అన్నది వాళ్ళకు అక్కర్లేదు. అందుకే సొమ్మంతా గేటుకు ఇవతలే పెడతారు. హైదరాబాద్ నుమాయిష్ 1938లో పుట్టింది, ఇప్పటికీ జనవరి వస్తే నాంపల్లి మైదానంలో తలుపులు తీస్తుంది. వచ్చే ఏడు మళ్ళీ ఇవే మొహాలు చూడాలి గనక దానికి కాస్త భయం తప్పదు.

ఇది మన దగ్గరే జరిగే పని కూడా కాదు. 2024 ఫిబ్రవరిలో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో విల్లీ వోంకా చాక్లెట్ లోకం చూపిస్తామని కృత్రిమ మేధ గీసిన బొమ్మలతో ప్రచారం చేసి, 35 పౌండ్ల దాకా టిక్కెట్లు అమ్మారు. తీరా వెళ్తే బోసిపోయిన గోదాము, పిల్లలకు నాలుగు జెల్లీ బిళ్ళలు, గుక్కెడు నిమ్మరసం. తల్లిదండ్రులు పోలీసుల్ని పిలిచారు, ఆ రోజే దుకాణం మూసేశారు. మనవాళ్ళు పోలీసుల దాకా పోరు. బయటికొస్తూ, లోపలికి పోయేవాళ్ళు "ఎట్టుంది అన్నా?" అంటే "బాగానే ఉంది, పోండి" అని చెప్పి నవ్వుకుంటారు. మోసపోయినచోట నలుగురు తోడుంటే ఆ తృప్తే వేరు. నేనూ ఒకాయనకు అదే చెప్పాను.

అయితే ఫ్లెక్సీల మీద ఎక్కడా లేనిది ఒకటి మైదానం చివర ఉంది. చెక్కలతో కట్టిన బావి, అందులో మోటారు సైకిల్ తిప్పే ఆట. మెట్లెక్కి పైనుంచి తొంగిచూస్తే, హెల్మెట్ కూడా లేని ఒకతను గోడ వెంట చుట్లు కొడుతూ పైపైకి వస్తున్నాడు. చెక్కలు దడదడలాడాయి, మేం పట్టుకున్న కమ్మీ ఊగింది. వేగం తగ్గితే కిందపడతాడు, అంతే, అక్కడ గ్రాఫిక్స్ లేవు. అంచుదాకా వచ్చి, హ్యాండిల్ వదిలేసి, మావాడు చాపిన పది రూపాయల నోటు లాక్కుపోయాడు.

"ఇది ఏ సినిమాలోది మామా?"

"ఏ సినిమాలోదీ కాదురా."

ఇంటికి పోదాం రమ్మంటే కదల్లేదు. దానికే ఇంకో టిక్కెట్టు తీయించాడు.