ఆరు కాగితాలు, ఒకటే మూట

మేము బీచుపల్లి హాస్టల్ పిల్లలం. మాలో శానమంది ఇంట్ల మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్లమే.

స్కాలర్‌షిప్‌కు కులం, ఆదాయం, ఆధార్, మెమో, బోనఫైడ్, పాస్‌బుక్ పెట్టాలె. ఒక సైట్‌లో ఆరూ కలిపి పంపితే సగం పోయి ఆగుతది. మళ్ల మొదటి నుంచే. ఆఖరి తేదీ దాటితే ఫీజు మన నెత్తినే.

ఎందుకని చూసినం. ఆరు ఫైళ్లు ఒకటే మూటగా పోతయి. నడుమ సిగ్నల్ తెగితే మూటంతా పోయినట్టే. పైగా పీహెచ్‌పీ సర్వర్లకు మార్చకుంటే ఫైలుకు 2 ఎంబీ, మొత్తానికి 8 ఎంబీ హద్దు. ఫోన్ ఫొటో ఒక్కటే 4 ఎంబీ ఉంటది.

అందుకే ముందే సైజు తగ్గించుకోండి, ఆఖరి రోజుదాకా ఆగకండి. ఒక్కో ఫైలు విడిగా పోయేటట్టు, పోయింది నిలిచేటట్టు సైట్ కట్టొచ్చు. కంప్యూటర్లు చదివే మనోళ్లు అట్లనే కట్టాలె. తండా నుంచి మీసేవకు ఇంకోసారి పోవుడంటే అమ్మకు ఒకరోజు కూలి.