దస్త్రం మూట

నాంపల్లి, శనివారం

బాపూ,

టిక్కెట్టు మీద ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉంటుంది. ఆటోవాళ్లకు మాత్రం 1907 నాటి ఈ స్టేషన్ నాంపల్లే. గోల్కొండ కొలువులోని నేక్‌నామ్ ఖాన్ పేరు మీద ఊరికి ఆ పేరొచ్చిందంటారు. ఫారసీలో ‘నేక్’ అంటే మంచి. ‘నామ్’ మన ‘నామం’కు దాయాది.

కోర్టుల వైపు నడిస్తే వకీళ్ల చంకల్లో కాగితాల కట్టలు. వకీలు, ముద్దాయి, జామీను, నకలు అన్నీ అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మన నోటికి చేరినవే. అరబ్బీలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. మన ముద్దాయేమో బోనులో నిలబడ్డవాడు!

తాత నోట రోజూ వినబడిన మాట దస్త్రం. దస్తావేజుకు, దస్కతుకు అది చుట్టమని ఇంట్లో అందరి నమ్మకం. ఆ రెండింటిలో ఉన్నది ఫారసీ ‘దస్త్’, అంటే చెయ్యి. సంస్కృత ‘హస్తం’కు తోబుట్టువు. దస్త్రం పుట్టుక వేరు. రేపు రాస్తాను.

ఆబిడ్స్, ఆదివారం

బాపూ,

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం పేరే ఈ ప్రాంతానికి నిలిచింది. ఆదివారం మూసిన షాపుల ముందు, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. వైద్యం పుస్తకాల పక్కన ఉర్దూ నవలలు, వాటి మీద తెలుగు వాచకాలు. దస్త్రం కథ చెప్పడానికి ఇంతకంటే తగిన చోటు దొరకదు.

ఆ మాట మొదలు గ్రీకు ‘దిఫ్తెరా’. అంటే తోలు. పూర్వం పపైరస్ దొరకనప్పుడు మేక, గొర్రె తోళ్ల మీద రాసేవారని, అందుకే అయోనియా గ్రీకులు పుస్తకాలను తోళ్లనే పిలిచేవారని హెరొడోటస్ రాశాడు. పారశీక చక్రవర్తి కొలువులో వైద్యుడిగా ఉన్న క్టీసియస్, రాజుగారి ‘తోళ్లు’ చూసే చరిత్ర రాశానని చెప్పుకున్నాడు. ఆ తోలే ఫారసీ, అరబ్బీల్లో ‘దఫ్తర్’ అయింది.

ఇక అక్కడి నుంచి ఒక్కో దేశానిది ఒక్కో అర్థం. అరబ్బు బడిపిల్లవాడికి దఫ్తర్ అంటే నోటుపుస్తకం. రూమీ మస్నవీలో ఆరు దఫ్తర్‌లు, అంటే ఆరు సంపుటాలు. ఒట్టోమాన్ తురుష్కులకు అది శిస్తుల చిట్టా, ఇండోనేషియాలో జాబితా. ఇరాన్‌లో నోటుపుస్తకమూ అదే, ఆఫీసూ అదే. హైదరాబాద్ ఉర్దూలో దఫ్తర్‌కు వెళ్లడమంటే కచేరీకి వెళ్లడం. తెలుగు మాత్రం కచేరీని వదిలేసి కాగితాల కట్టను పట్టుకుంది. దస్తావేజు, దస్కతుల మధ్య మసలీ మసలీ దఫ్తర్‌లోని ‘ఫ’ మన నోట ‘స’ అయి ఉంటుందనిపిస్తుంది.

పేవ్‌మెంట్ మీది వైద్యగ్రంథంలోనూ దాని తోబుట్టువు ఉంది. 1826లో ఫ్రెంచి వైద్యుడు బ్రెటనో, గొంతులో తోలులాంటి పొర కట్టే జబ్బుకు ఇదే గ్రీకు మాటతో పేరు పెట్టాడు. అదే డిఫ్తీరియా, మన కంఠసర్పి. తాత దస్త్రానికీ పిల్లల ప్రాణాలు తీసిన ఆ జబ్బుకూ తల్లి ఒక్కతే.

నాంపల్లి, సోమవారం

బాపూ,

గోల్కొండ సుల్తానుల కాలంలో ఫారసీతో పాటు తెలుగులోనూ రాసిన ఫర్మానాలున్నాయి. నిజాం కాలంలో ఫారసీ పోయి ఉర్దూ వచ్చింది. ఎవరి రాజ్యమైనా పట్వారీల చేతుల్లో దస్త్రం దస్త్రంగానే మిగిలింది. ఫైలు అనేది నిన్నగాక మొన్న వచ్చిన మాట. మనకున్న మాట అంతకంటే ఎంతో పాతది, పత్రికలవాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు, మనమూ వాడాలి.

అటక మీద తాత కట్టిన ఎర్రగుడ్డ మూట ఉంది కదా, దాన్ని పాత కాగితాలవాడికి తూకానికి వేయొద్దని అమ్మకు గట్టిగా చెప్పు. చెదలు పట్టకుండా కిందికి దింపి, ఎండ తగలని చోట ఆరబెట్టు. అందులో ఊరి పొలాల లెక్కలున్నాయి.