ఒక రాత్రి ఉంటేనే నెల్లూరు

చెన్నై నుంచి విజయవాడ వెళ్లేవాళ్లకి నెల్లూరు దారిలో తగిలే ఊరు. చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. హైవే పక్కన ఏదో ఒక హోటల్లో బండి ఆపి, చేపల పులుసుతో భోంచేసి, నెల్లూరు రుచి చూసేశామనుకుని వెళ్లిపోతారు. పెన్న అవతలి ఒడ్డున కోవూరులో పుట్టి పెరిగినవాణ్ణి కనక, ఆ మాట వింటే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఈ ఊరు ఒక్క పూటకి అందేది కాదు. దీని అసలు వంట కూడా వండిన రోజు తినేది కాదు.

ముందు చరిత్ర నాలుగు మాటల్లో. పాతపేరు విక్రమసింహపురి. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఏలుబడిలో తిక్కన ఇక్కడివాడే; భారతంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెలుగు చేసినవాడు. 1921లో గాంధీజీ ఇక్కడికి దగ్గర్లోని పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారు. 2008లో జిల్లాకి పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు.

పొద్దున్నే కారందోసె

పొద్దున్నే ట్రంకురోడ్డు మీదికి వెళ్లండి. వి.ఆర్.సి. సెంటరు చుట్టుపక్కల, సంతపేట సందుల్లో, పెనం చుట్టూ జనం మూగిన చోట నిలబడండి. పెద్ద బోర్డుని కాదు, ఆ జనాన్ని నమ్ముకోండి. దోసె పెనం మీద ఉండగానే ఎండుమిర్చి, తెల్లగడ్డలు నూరిన ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి మడిచి ఇస్తారు. ఆకు మీద పడగానే తినాలి. చల్లారితే దాని పొగరు పోతుంది.

మాట్లాడాల్సింది పులుసు గురించి

ఇక చేపల పులుసు. ఒకపక్క పెన్న, ఊరి నిండా చెరువులు, పాతిక కిలోమీటర్లలో మైపాడు సముద్రం. అందుకే చెరువు బొచ్చె, కొరమీను, సముద్రపు వంజరం, చందువా అన్నీ ఒకే బజారులో దొరుకుతాయి. ఏ చేప వండాలన్న దాని మీద ప్రతి ఇంటికీ ఒక పట్టుదల ఉంది. మా ఇంట్లో బొచ్చె. ముల్లున్న చేపకే రుచి అని అమ్మ మాట.

అమ్మ దాకలో నూనె కాగాక మెంతులు, ఆవాలు వేసి, ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, కరివేపాకు మగ్గబెట్టేది. టమాటాలు మెత్తబడ్డాక కారం, పసుపు, ఉప్పు, చిక్కగా పిసికిన చింతపండు పులుసు. మామిడికాయలు వచ్చే రోజుల్లో చింతపండు తగ్గించేది, ఎందుకంటే మిగతా పులుపు కాయ ఇస్తుంది. పులుసు తెర్లేటప్పుడు చేప ముక్కలు జారవిడిచేది, అవి సగం ఉడికాక మామిడి ముక్కలు వేసేది. చివర్న ధనియాలు, జీలకర్ర, మెంతులు వేయించి దంచిన పొడి. ముక్కలు పడ్డాక దాకలో గరిటె పెట్టడం మా ఇంట్లో నేరం. గుడ్డతో దాకని రెండు పక్కలా పట్టుకుని మెల్లగా తిప్పాలి. అప్పుడే ముక్క చెదరదు.

అయినా ఆ రాత్రి దాని జోలికి పోనిచ్చేది కాదు. "రేప్పొద్దునకి చూడు నాయనా, అప్పటికి ముక్క పులుసుని పట్టుద్ది" అనేది. నిజమే. వేడిగా ఉన్నప్పుడు ఉప్పు, పులుపు, కారం పులుసులోనే ఉంటాయి, ముక్క లోపల చప్పగా ఉంటుంది. రాత్రంతా నిలిస్తేనే అవి ముల్లు దాకా దిగుతాయి. మామిడి ముక్క కూడా ఆ పులుసులో నాని, చేపముక్కతో పోటీపడేంత రుచి తేలుతుంది. మర్నాడు పొద్దున పుల్లట్టులోకి ఆ పులుసు పోసుకుని తినడం నెల్లూరు ఇళ్లల్లో పండగ. హోటల్లో దొరికేది మంచి పులుసే కావచ్చు, కానీ నిన్నటి పులుసు కావాలంటే ఎవరింటికైనా చుట్టంగా వెళ్లాల్సిందే.

అన్నం మాటకొస్తే, ఒకప్పుడు నెల్లూరు మొలగొలుకులంటే దేశమంతా పేరు. తర్వాత ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నెల్లూరు మసూరి, అంటే ఎన్‌ఎల్‌ఆర్ 34449, ఎన్నో జిల్లాల పొలాల్లోకి చేరింది.

చూడాల్సినవి

పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడికి సాయంత్రం వెళ్లండి. అద్దాల మండపం చూసి, ఏటి గాలికి కాసేపు కూర్చోండి.

మొహర్రం రోజుల్లో అయితే స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా. అక్కడి రొట్టెల పండగ లాంటిది నేను మరోచోట చూడలేదు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్లకి చెరువు నీళ్లలో నిలబడి ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇల్లు రొట్టె. ఇచ్చేవాళ్లదీ పుచ్చుకునేవాళ్లదీ ఏ మతమని ఎవరూ అడగరు.

ఊరికి పడమర నరసింహకొండ ఎక్కితే పెన్న వంపు బాగా కనిపిస్తుంది. ఆవలి ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి. తెల్లవారుజామున మైపాడు.

వెళ్లేటప్పుడు మలైకాజా కట్టించుకోండి. రావడానికి వీలైతే మామిడికాయల కాలం చూసుకోండి, ఎండలకి భయపడకండి.