ఆ నర్సు అటుగా రాకపోతే?

రాత్రి పదకొండు దాటింది. పడుకున్న నాన్న లేచి కూర్చుని 'గుండెల్లో మంటగా ఉందిరా' అన్నారు. గ్యాసేమోనని అమ్మ మజ్జిగ తెచ్చింది. చూస్తే నాన్న చొక్కా చెమటకి తడిసిపోయింది. వెంటనే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

క్యాజువాల్టీ దగ్గర 'ముందు చీటీ రాయించుకోండి' అన్నారు. కౌంటరు ముందు పదిమంది. వేలు తెగిన కుర్రాడు, జ్వరంతో మూలుగుతున్న పాప, వాళ్ల వెనక నేను. వరుస తప్పితే బాగుండదని అలాగే నిలబడ్డాను. నాన్నేమో బెంచీ మీద ఛాతీ పట్టుకుని కూర్చున్నారు.

అటుగా వెళ్తున్న ఓ నర్సు ఆయన్ని చూసి ఆగింది. 'నొప్పి ఎంతసేపట్నుంచి?' అనడిగి, చీటీ సంగతి తర్వాత చూద్దామంటూ స్ట్రెచర్ తెప్పించింది. నిమిషాల్లో ఈసీజీ తీశారు. గుండెపోటే! మాత్రలు ఇవ్వబోతూ 'ఏ మందైనా పడదా?' అంది. అప్పుడు గుర్తొచ్చింది... ఎప్పుడో తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకుంటే నాన్న ముఖమంతా వాచిపోయింది. గుండెపోటుకి మొదట ఇచ్చే మందుల్లో అదీ ఒకటట! ఆమె కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాసి, డాక్టరుకి చెప్పింది. ఆయన వేరే మందు ఇచ్చారు. పొద్దున్నే డ్యూటీ మారేటప్పుడు కొత్తగా వచ్చిన నర్సుకి ఆమె చెప్పిన మొదటి మాటా అదే.

నాన్న బతికారు. ఆమె అటుగా రాకపోతే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది వైద్యులు పెట్టుకున్న నియమం. ముందొచ్చినవారికి కాదు, ముప్పు ఎక్కువున్నవారికి ముందు చూడాలి. దీన్నే ట్రయాజ్ అంటారు. గుమ్మంలోనే రోగిని చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వర్గాలుగా విడదీస్తారు. పోలీసు కేసైనా సరే, ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అత్యవసర వైద్యానికి మన దేశంలో ప్రత్యేక విభాగంగా గుర్తింపు వచ్చింది మాత్రం 2009లో. ఒక నర్సు మంచితనం మీద కాకుండా, గుమ్మం దగ్గరి పద్ధతి మీద రోగి ప్రాణం నిలబడాలి.

తప్పు నాలోనూ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లోనే 108 మొదలైంది. అయినా నేను నాన్నని ఆటోలో కుదిపేస్తూ తీసుకెళ్లాను. ఆయన వాడే మందుల చీటీ ఇంట్లోనే వదిలేశాను.

ఇప్పుడు నాన్న జేబులో ఓ మడత కాగితం ఉంటుంది. రోజూ వేసుకునే మాత్రల పేర్లు, కింద ఎర్ర సిరాతో 'ఆస్పిరిన్ పడదు' అని. చొక్కా మార్చినప్పుడల్లా అమ్మ దాన్ని తీసి కొత్త చొక్కా జేబులో పెడుతుంది.