పేగు చెప్పే వేళలు

పేగుల్ని కొయ్యక్కర్లేదు, చేత్తో కదిలించినా చాలు, కొన్నాళ్లు పని మానేస్తాయి. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లందరికీ ఇది అనుభవమే. ముందు చిన్నపేగు తేరుకుంటుంది, తర్వాత జీర్ణాశయం, అన్నిటికన్నా ఆఖరున పెద్దపేగు. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే సర్జరీ వార్డులో పొద్దున్నే రౌండ్స్‌కొచ్చే పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆయమ్మ దాకా అందరూ అడిగేది ఒకటే మాట: "గ్యాస్ పోయిందా అమ్మా?" నా పక్కమంచం ఆవిడకు పోయిన రోజున ఆవిడ కోడలు వరండాలోకి పరుగెత్తి ఊళ్లో వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఎదుటి మంచం మీది ముసలమ్మ పడుకునే చేతులెత్తి దణ్ణం పెట్టింది. హైస్కూల్లో సైన్సు చెప్పినన్నాళ్లూ జీర్ణవ్యవస్థ బొమ్మ బోర్డు మీద గీస్తూ వచ్చినదాన్ని నేను. ఆ మాటను అంత గౌరవంగా పలకడం మాత్రం అక్కడే విన్నాను.

వార్డు దాటి ఇంటికొచ్చాక ఆ మాటలు ఆగిపోతాయి. చూడ్డానికొచ్చినవాళ్లు కుట్లు మానాయా అంటారు, అన్నం సయిస్తోందా అంటారు, స్కాన్‌లో ఏమొచ్చిందంటారు. విరేచనం ఎలా అవుతోందని అడగరు, మనమూ చెప్పం. పేగు ఆపరేషన్‌లో అసలు కథ ఇంటికొచ్చాకే మొదలవుతుంది. దాన్ని నోరు విప్పి చెప్పుకోకపోవడం వల్ల మనుషులు ఎంత నలిగిపోతున్నారో చూశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

నాకొచ్చింది మలాశయం క్యాన్సర్. ముందు రేడియేషన్ ఇచ్చారు, తర్వాత ఆపరేషన్. మలాశయం చాలావరకు తీసేసి, పైనున్న పెద్దపేగును కిందికి దించి మలద్వారానికి కాస్త పైన అతికారు. ఆ అతుకు లీకైతే మలం పొట్టలోకి చేరి ప్రాణం మీదికొస్తుంది. అందుకని అది మానేదాకా, చిన్నపేగు చివరి భాగాన్ని పొట్ట కుడివైపు నుంచి బయటికి తీసి దారి మళ్లించారు. దీన్ని ఇలియాస్టమీ అంటారు. పొట్ట మీది ఆ పేగు నోరే స్టోమా. దాని మీద బ్యాగు.

ఆపరేషన్ ముందురోజు స్టోమా నర్సు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, మీరు చీర కడతారా, డ్రెస్సులా?" అని. చీరే అన్నాను. "అయితే రోజూ కట్టుకునేచోటే లంగా బొందు కట్టి చూపించండి" అంది. నిలబడమంది, కుర్చీలో కూర్చోమంది, వంగమంది, నేల మీద బాసింపట్టు వేయించింది. పొట్ట ముడతలు ఎక్కడ పడుతున్నాయో చూసి, బొందుకు తగలకుండా, ముడతలోకి పోకుండా, తలొంచితే నా కళ్లకు కనబడేలా ఒకచోట మార్కర్‌తో చుక్క పెట్టింది. ముడతలో పడితే బ్యాగును చర్మానికి పట్టి ఉంచే జిగురు ప్లేటు అంటుకోదు. కంటికి ఆనకపోతే సొంతంగా మార్చుకోలేం. బ్యాగుతో బతికిన నెలలన్నీ కాస్త సుఖంగా గడిచాయంటే ఆ చుక్క చలవే. ఆ పని తెలిసిన నర్సు లేని ఆస్పత్రులు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. నిపుణుడైన సర్జన్ ఎంత అవసరమో ఆ నర్సూ అంతే అవసరమని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

స్టోమా ఎర్రగా, తడిగా, బుగ్గ లోపలి చర్మంలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు, కోతను పసిగట్టే నరాలు పేగుకు లేవు. దానంతటదే కాస్త ముడుచుకుంటుంది, కాస్త సాగుతుంది. బాధంతా చుట్టూ ఉన్న చర్మానిదే. చిన్నపేగులోంచి పల్చగా వచ్చేదాంట్లో జీర్ణరసాలుంటాయి, తిన్నదాన్ని అరిగించే ఆ రసాలు చర్మాన్నీ వదలవు. ప్లేటుకు కోసే రంధ్రం కొంచెం పెద్దదైనా ఆ సందులో చర్మం ఒలిచినట్టయి మండిపోతుంది. మొదటి వారాల్లో వాపు తీస్తూ స్టోమా చిన్నదవుతుంటుంది కాబట్టి కొలత మాటిమాటికీ తీసుకోవాలి. మా చెల్లెలు కొలత కార్డు పెట్టి చూసి, వంపు తిరిగిన చిన్న కత్తెరతో ప్లేటుకు గుండ్రంగా రంధ్రం చేసి, అంచుల్ని వేలితో నునుపు చేసేది. తర్వాత ప్లేటును రెండు అరచేతుల మధ్య కాసేపు ఉంచుకునేది. వెచ్చబడితే జిగురు బాగా పడుతుంది. తెల్లవారుజామున, కాఫీ కూడా తాగకముందే ఈ పని పెట్టుకునేవాళ్లం, పరగడుపున పేగు కాస్త నెమ్మదిగా ఉంటుంది గనక. "అక్కా, ఊపిరి బిగబట్టకు, పొట్ట వదిలెయ్" అంటూ అతికించేది. ఇద్దరం ముసలివాళ్లమవుతున్న వయసులో, చిన్నప్పటి జడలు వేసుకున్న రోజుల తర్వాత మళ్లీ అంత దగ్గరగా కూర్చున్నది అప్పుడే.

ఆ బ్యాగు కూడా ఒక చెల్లెలి కోసం పుట్టిందే. డెన్మార్క్‌లో ఎలీసె సోరెన్‌సెన్ అనే నర్సు ఉండేది. ఆమె చెల్లెలు థోరాకు స్టోమా పెట్టారు. ఎక్కడ కారుతుందో, ఎవరికి వాసనొస్తుందో అని థోరా గడప దాటడం మానేసింది. అప్పట్లో దొరికే సరంజామా బరువైనది, ఒంటికి సరిగా అమరనిది. చర్మానికి అతుక్కునే, వాడి పారేసే బ్యాగు ఎందుకుండకూడదని 1954లో ఎలీసెకు తట్టింది. ప్లాస్టిక్ సంచులు తయారుచేసే ఒకాయన దగ్గరికి వెళితే ఆయన ముందు పట్టించుకోలేదు. నర్సుగా చదువుకున్న ఆయన భార్య నచ్చజెప్పాకే ఒప్పుకున్నాడు. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నవి ఆ ఆలోచన నుంచి వచ్చినవే. మన దగ్గర ఒక్కో సెట్టు కొన్ని వందల రూపాయలు, దాన్ని కొద్ది రోజులకోసారి మార్చాలి. అంత పెట్టలేక మామూలు ప్లాస్టిక్ కవరు, గుడ్డ కట్టుకు తిరిగేవాళ్లను నేను ఓపీలో చూశాను. వాళ్ల పొట్ట మీది చర్మం తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. వికలాంగుల హక్కుల కోసం 2016లో చేసిన చట్టంలో 21 రకాల వైకల్యాల పేర్లున్నాయి, స్టోమా వాటిలో లేదు. ఉండాలి.

దాహం సంగతి ఇంకొకటి. రోజూ పెద్దపేగు దాకా వచ్చే లీటరు పైచిలుకు నీళ్లను దాదాపు అంతా అదే పీల్చుకుంటుంది. ఇలియాస్టమీలో దారి పెద్దపేగు దాకా పోదు కాబట్టి ఆ నీళ్లూ, వాటితోపాటు ఉప్పూ బ్యాగులోకే వెళ్లిపోతాయి. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, మూత్రం చిక్కగా అవుతుంది. అప్పుడు చెంబులకొద్దీ మంచినీళ్లు తాగితే ఇంకా చెడుతుంది. ఉప్పులేని నీళ్లు ఎక్కువైతే చిన్నపేగు ఒంట్లోని ఉప్పును తనలోకి లాగి ఆ నీళ్లతోపాటే బయటికి పంపేస్తుంది. ఉప్పూ గ్లూకోజూ తగుపాళ్లలో కలిస్తేనే నీళ్లు ఒంటికి పడతాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరాతో జనం రాలిపోతుంటే, సెలైన్ అయిపోయిన పరిస్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ లెక్క మీదే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని నిలబెట్టారు. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ పొట్లం కొన్నప్పుడల్లా నేను ఆయన్ని తలుచుకుంటాను. ఉప్పేసిన గంజి, ఉప్పేసిన మజ్జిగ కూడా నాకు బాగా పనికొచ్చాయి.

పత్యం గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా పెద్దమ్మ ఫోన్ చేసి, "పప్పు పెట్టకండే, చీము పడుతుంది" అని గట్టిగా చెప్పింది. మన ఊళ్లలో ఏ ఆపరేషన్ అయినా ముందు వచ్చే హెచ్చరిక ఇదే. నిజానికి గాయం మానాలంటే కావలసింది మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప మానేస్తే కుట్లకు బలం ఎక్కడిది? మెత్తగా ఉడికించిన పెసరపప్పు నాకు మొదటినుంచీ పెట్టారు. ఇలియాస్టమీకి పత్యం లేకపోలేదు, అది వేరే ఉంది: మొక్కజొన్న, పచ్చికొబ్బరి, పుట్టగొడుగులు, ములక్కాడ పిప్పి, నమలకుండా మింగే పీచు ఏదైనా స్టోమా దగ్గర అడ్డం పడుతుంది. పెద్దమ్మకు ఇదంతా విడమరిచి చెబితే, "అట్లాగైతే బాగా నమిలి తినమను" అంది. డాక్టర్లు చెప్పేదీ అదే.

తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి బ్యాగు తీసేశారు. ఇంట్లో అందరూ కష్టాలు గట్టెక్కాయన్నారు. నాకూ అలాగే అనిపించింది.

మలాశయం ఏం చేస్తుందో నేను పిల్లలకు ఒక్క వాక్యంలో చెప్పేదాన్ని: మలాన్ని నిలవ ఉంచుతుంది. ఆ ఒక్క వాక్యంలో ఎంత పనుందో అది పోయాక తెలిసింది. అది సాగి, వేళయ్యేదాకా ఓపిగ్గా పట్టుకుంటుంది. దాని కిందుగా ఉండే సన్నని పొర, వచ్చింది గాలా, నీళ్లా, గట్టిదా అని తేల్చి చెబుతుంది. నలుగురిలో కూర్చుని ఉన్నా మనకు తెలియకుండానే ఆ కబురు అందుతుంటుంది. ఇప్పుడు దాని స్థానంలోకి దిగిన పేగుకు అంత సాగుడు లేదు. రేడియేషన్ వల్ల ఉన్న మెత్తదనమూ కొంత పోతుంది. దాంతో ఒకసారి వెళ్లొచ్చి కూర్చుంటే పది నిమిషాలకు మళ్లీ, ఆ వెంటనే మళ్లీ. వస్తోందంటే ఆగదు. ఒక్కోరోజు అసలేమీ ఉండదు, మర్నాడు పొద్దంతా బాత్రూమే. గాలనుకున్నది గాలి కాకపోవచ్చు. మలాశయం కింది భాగం దాకా తీసేసినవాళ్లలో ఎక్కువమందికి ఏదో ఒక మోతాదులో ఇది ఉంటుంది. మొదటి ఏడాది, రెండేళ్లలో చాలావరకు నెమ్మదిస్తుంది. కొందరికి ఆ తర్వాతా ఉండిపోతుంది. నాకు ఉండిపోయింది.

గుంటూరు నుంచి విజయవాడ బస్సులో గంట ప్రయాణం. ఆ గంట కోసం ముందురోజు సాయంత్రం నుంచే లెక్కలు వేసుకుంటాను. రాత్రి పెరుగన్నం, అరటిపండు, పొద్దున తిండికి అరగంట ముందు డాక్టరు రాసిన లోపరమైడ్ మాత్ర. సంచిలో ఒక జత బట్టలు, ప్యాడ్లు, నీళ్లసీసా. పెళ్లిపిలుపు వస్తే ముహూర్తం కంటే ముందు కల్యాణమండపంలో బాత్రూములు ఎక్కడున్నాయో కనుక్కుంటాను. ఆడవాళ్లకు పనికొచ్చే మరుగుదొడ్డి ఎక్కడా లేని బజార్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో పేగు ఆపరేషన్ అయినవాళ్లు కళ్లు మూసుకుని చెప్పగలరు. ఇది దయతో కట్టించాల్సిన సౌకర్యం కాదు, రోడ్డు వేసినట్టు, వీధి దీపం పెట్టినట్టు ఉండి తీరాల్సినది.

కుట్టు పక్కన చిన్న ఉబ్బు కూడా వచ్చింది. పొట్ట గోడ బలహీనపడినచోట హెర్నియా. బెల్టు పెట్టుకుంటాను, బిందెలు ఎత్తను, దగ్గొస్తే చేత్తో అదుముకుంటాను. లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కోవడం పొట్ట కోసిన చాలామందికి జరిగేదే, ఎక్కువమందికి దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. కానీ పొట్ట ఉబ్బి, మెలిపెట్టి నొప్పి వస్తూ, వాంతులవుతూ, గ్యాస్ కూడా బయటికి పోవడం ఆగిపోతే వాము నీళ్లు తాగుతూ కూర్చోకూడదు. అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఈ మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఫాలోఅప్‌లు. రక్తపరీక్ష బాగుంది, స్కాన్ క్లియర్, ఆరునెలలకు రండి, అంతే. క్యాన్సర్ పోయింది కదా అన్న సంతోషంలో డాక్టరూ ఉంటాడు, మనమూ ఉంటాం. ప్రాణం దక్కాక విరేచనాల గురించి మాట్లాడ్డం కృతఘ్నతలాగా అనిపిస్తుంది. ఈ విషయంలోనూ డెన్మార్క్ వాళ్లే ముందు నడిచారు. 2012లో అక్కడి డాక్టర్లు ఐదే ఐదు ప్రశ్నలతో ఒక పత్రం తయారుచేశారు: గ్యాస్ ఆపుకోగలుగుతున్నారా, పల్చటి విరేచనం జారిపోతోందా, రోజుకు ఎన్నిసార్లు, ఒకసారి వెళ్లిన గంటలోపే మళ్లీ వెళ్లాల్సి వస్తోందా, పరుగెత్తాల్సి వస్తోందా. జవాబులకు మార్కులు, మొత్తం 42. ఎక్కువ వస్తే ఊరుకోకూడదు. చేయగలిగినవి చాలా ఉన్నాయి: మందు వేళలు మార్చడం, మలద్వారం కండరాలకు వ్యాయామాలు, రోజూ గోరువెచ్చని నీళ్లతో పేగును కడుక్కునే పద్ధతి. ఆ ఐదు ప్రశ్నలూ నేనే కాగితం మీద రాసి తీసుకెళ్లిన రోజు, డాక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు మాట్లాడారు. వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. నా పొద్దుటిపూటలు చాలావరకు నా చేతికొచ్చింది ఆ తర్వాతే.

మొన్న మా వీధి చివర ఇంటావిడ వచ్చి, "మావారు ఎక్కడికీ రావట్లేదండీ. మనవడి అక్షరాభ్యాసానిక్కూడా రాలేదు. మీతో ఒకసారి మాట్లాడతారట" అంది. సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ఆయనకూ నాలాంటి ఆపరేషనే అయింది. చాలాసేపు వానల గురించి మాట్లాడి, చివరికి తలొంచుకుని, "రాత్రిళ్లు లేస్తూనే ఉంటున్నానమ్మా. పెద్ద జబ్బు తగ్గించారు కదా, ఇది కూడా చెబితే ఏం బాగుంటుందని డాక్టరుగారికి చెప్పలేదు" అన్నారు. నేను లోపలికెళ్లి ఆ ఐదు ప్రశ్నల కాగితం తెచ్చిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కోదానికీ టిక్కు పెడుతుంటే, పక్కనుంచి ఆవిడ, "మూడోదానికి నిజం రాయండి" అంది. ఆయన కొట్టేసి మళ్లీ రాశారు.

మా చెల్లెలు కాఫీ తెచ్చింది. తాగొచ్చా అని నన్నడిగారు. కాఫీ పేగును తొందరపెడుతుంది, బయట ఇంకేదైనా పనుంటే వద్దు, నేరుగా ఇంటికే అయితే తాగండి అన్నాను.

"ఇంటికేనమ్మా" అని గ్లాసు అందుకున్నారు.