"మీరిక్కడ కూర్చోండి, మేం వెళ్లొస్తాం"

ఒసాకాలో మొన్న ఉగాది భోజనాల దగ్గర నాలుగైదు తెలుగు కుటుంబాలు మే నెల సెలవులకు కుమానో వెళ్లే ఆలోచన చేశాయి. రైలు, బస, తిండి అన్నీ తేలిపోయాయి. ఇండియా నుంచి వచ్చి ఉన్న పెద్దవాళ్ల సంగతి రాగానే ఒకాయన ఒక్క ముక్కలో ముగించాడు: "అది కొండదారి కదా. అమ్మావాళ్లు హోటల్లో కూర్చుంటారు, మనం నడిచొద్దాం." ఆ అమ్మావాళ్లు పక్క గదిలోనే ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు.

ఈ రచయిత్రికి ఒళ్లు మండింది. పిల్లల దగ్గరికి విదేశాలకు వచ్చిన తెలుగు తల్లిదండ్రులు ఎన్నిసార్లు వింటారో ఈ మాట! ఊళ్లో ఉన్నప్పుడూ విన్నదే. గోల్కొండలో బాలాహిసార్ మెట్ల కింద విన్నారు, హంపిలో విన్నారు, అజంతాలో విన్నారు. నీళ్ల సీసా, సంచులు, చెప్పులు వాళ్ల ఒడిలో పెట్టి, చెట్టు నీడ చూపించి, "మీరిక్కడ కూర్చోండి, మేం వెళ్లొస్తాం" అంటారు పిల్లలు. ప్రేమతోనే అంటారు. మోకాళ్ల నొప్పులూ నిజమే, బీపీ మాత్రలూ నిజమే. అయినా ఎంత నడవగలరో చెప్పాల్సింది ఆ మోకాళ్లున్న మనిషి. ఆవిడ చెప్పాలంటే ముందు ఆ దారి ఎలాంటిదో ఆవిడకు తెలియాలి.

కుమానో కోదో అంటే ఒసాకాకు దక్షిణాన కీ ద్వీపకల్పం అడవుల్లో ఉన్న పాత యాత్రామార్గాలు. హొంగూ, హయతమ, నాచి అనే మూడు పెద్ద ఆలయాలను ఇవి కలుపుతాయి. వెయ్యేళ్ల కిందటే సింహాసనం వదిలిన చక్రవర్తులు క్యోతో నుంచి పరివారంతో ఇక్కడికి నడిచి వచ్చేవాళ్లు. వాళ్లలో గొషిరకావా ముప్ఫైసార్లకు పైగా వచ్చాడు. 2004లో యునెస్కో ఈ దారులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యాత్రామార్గాలలో ఆ గౌరవం దక్కినవి చాలా కొద్ది. ఈ దారుల్లో ఎక్కువమంది నడిచేది నకహెచి. తకిజిరి నుంచి హొంగూ దాకా సుమారు 38 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలతో రెండు రోజుల నడక.

రెండు రోజుల కొండనడక అనగానే పెద్దవాళ్ల పేరు కొట్టేస్తాం. జపానులో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 దాటినవాళ్లు. వాళ్ల పేర్లు కొట్టేస్తే ఆ దారిలో మిగిలేదెవరు? అలాగని రాళ్లు పీకి సిమెంటు పోయడానికీ లేదు. వానలు విపరీతంగా పడే కొండలవి. మట్టి కొట్టుకుపోకుండా వందల ఏళ్ల కిందట పరిచిన ఆ ఎగుడుదిగుడు బండలే అక్కడి వారసత్వం. అందుకని అక్కడివాళ్లు దారిని ముట్టుకోలేదు, దారి చుట్టూ పనిచేశారు.

అరకిలోమీటరుకొక అంకె వేసిన గుర్తుస్తంభం పాతారు. తకిజిరి నుంచి హొంగూకు అవి 75. నడిచే మనిషికి ఎంత దూరం వచ్చిందీ, ఎంత మిగిలిందీ ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. స్థానిక పర్యాటక సంస్థ ఇచ్చే పటంలో ఏ ముక్క ఎంత నిట్టనిలువుగా ఉందో గీత గీసి చూపిస్తారు. మరుగుదొడ్డి ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ దారి వదిలి రోడ్డెక్కొచ్చు, అన్నీ అందులో ఉంటాయి. మధుమేహం ఉన్న డెబ్భై ఏళ్ల మనిషి బయలుదేరాలా వద్దా అన్నది తేలేది మరుగుదొడ్డి గుర్తు దగ్గరే. సామాను ఒక బస నుంచి మరో బసకు బండిలో చేర్చేవాళ్లున్నారు, మనిషి చేతికర్రతో నడిస్తే చాలు. ఇంతకీ ముఖ్యమైనది, దారిని ముక్కలు చేసి ప్రతి ముక్కకూ బస్సు అందించడం.

అలాంటి ముక్క ఒకటి హొస్షిన్‌మొన్ ఓజి నుంచి హొంగూ ఆలయం దాకా ఉంది. సుమారు ఏడు కిలోమీటర్లు, చాలావరకు దిగుడు. బస్సు పైకి తీసుకెళ్లి దింపుతుంది. మొదట ఊళ్ల మధ్య తారురోడ్డు, తేయాకు మడులు, మనిషి లేని చిన్న అరల్లో ఉప్పులో ఊరేసిన ఉమె పళ్ల పొట్లాలు. డబ్బు డబ్బాలో వేసి పొట్లం తీసుకోవాలి. తరవాత దేవదారు వంటి పెద్ద చెట్ల నీడలో మట్టిదారి. ఈ రచయిత్రి అత్తగారు డెబ్భై దాటిన మనిషి, చిత్తూరు జిల్లా వాసి. కోడలు చెయ్యి అందిస్తే, "నేను నడస్తాలేమ్మా, నువ్వు ముందు పో" అని కర్ర ఊనుకుంటూ కదిలారు. గుర్తుస్తంభం కనిపించిన ప్రతిచోటా ఆగి అంకె చదివారు. అలసిన చోట కూర్చున్నారు. తొందరపెట్టేవాళ్లు లేరు.

సగం దారి దాటాక ఫుషిఓగమి అనే చోటు వస్తుంది. పాతకాలపు యాత్రికులకు హొంగూ ఆలయం మొదటిసారి కనిపించి సాష్టాంగపడేది ఇక్కడే. కవయిత్రి ఇజుమి షికిబు ఇక్కడికి వచ్చాక బహిష్టయి, ఇక గుడికి పోలేనని కుమిలిపోయిందట. నువ్వు రావచ్చునని కుమానో దేవుడే ఆమెకు చెప్పాడని ఐతిహ్యం. కుమానోకు ఆ పేరు మొదటినుంచీ ఉంది. ఆడవాళ్లు, గుడ్డివాళ్లు, రోగులు ఎవరైనా రావచ్చు. ఒగురి హంగన్ కథ ఇంకా గొప్పది. చచ్చి బతికి, చూపూ మాటా నడకా లేని మనిషిని ఒక బండిలో పెడితే, దారినపోయేవాళ్లు పుణ్యమని తలా కొంత దూరం ఆ తాడు లాగుతూ యునొమినె వేడినీటి బుగ్గ దాకా చేర్చారు. అక్కడి స్నానంతో అతడు మళ్లీ మనిషయ్యాడు. ఆ చిన్న స్నానపు గుంట త్సుబొయు ఇప్పటికీ ఉంది. కదలలేనివాణ్ణి కూర్చోబెట్టి వెళ్లిపోని యాత్ర అది.

అదే వారసత్వ జాబితాలో ఉన్న కోయా కొండ కథ వేరు. అక్కడ ఉండే సన్యాసి కూకై తల్లి కొడుకును చూడాలని ముసలితనంలో వచ్చింది. ఆడవాళ్లకు కొండ మీదికి ప్రవేశం లేదు. కొండ కింద జిసొన్‌ఇన్ ఆలయంలో ఉండిపోయిందని చెబుతారు. కొడుకే దిగివచ్చి చూసిపోయేవాడట. వెయ్యీ రెండువందల ఏళ్ల కిందటే ఒక తల్లిని కొండకింద కూర్చోమన్నారు!

జపానును మరీ ఆకాశానికెత్తడానికీ మనసొప్పదు. ఆ అడవిలో బస్సు తప్పితే గంటల తరబడి ఎదురుచూడాలి. ఒకప్పుడు దారి పొడవునా టీ దుకాణాలుండేవి. ఇప్పుడు చాలాచోట్ల అవి ఉండేవని చెప్పే పలకలే మిగిలాయి. పల్లెల్లో కుర్రవాళ్లు లేరు. కాలు బెణికితే "ఏం పెద్దమ్మా" అని పలకరించే గొంతు వినపడదు. తిరుమలకు మన అలిపిరి దారి అలా కాదు. తలమీద కప్పు, రాత్రిళ్లు దీపాలు, అడుగడుగునా మనుషులు, మజ్జిగ, మామిడికాయ ముక్కలు, గోవింద నామం. కుమానోలో వేల యెన్లు తీసుకుని చేసే సామాను చేరవేత, తిరుమలకు నడిచేవాళ్లకు దేవస్థానం ఉచితంగా చేస్తుంది. ఈ సంగతి చెబితే ఒసాకా మిత్రులు నమ్మలేదు.

అత్తగారికి దారంతా అలిపిరే గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆవిడ మొత్తం 3,550 మెట్లకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కారట. వంగి లేచి, వంగి లేచి, గాలిగోపురం చేరేసరికి నడుము పట్టేస్తే వెనక వస్తున్న ఎవరో ముసలావిడ పసుపు గిన్నె అందుకుని తను రాసిందట. "ఆ ముసలామెకు నా ఇప్పటి వయసుంటుంది" అన్నారు అత్తగారు. ఆ వయసు మనుషులు ఆనాడు కొండెక్కారు. ఎంతమంది అని ఎవరూ లెక్కపెట్టలేదు.

మన నేలమీద దారి సుళువు చేయడం పుణ్యకార్యం. పధ్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. కొండకు మెట్టు వేయడమంటే బలం లేనివాళ్లను తలుచుకోవడమే. బలమున్నవాడు బండలు పట్టుకునైనా ఎక్కుతాడు. సత్రాలు, చలివేంద్రాలు, దారిమండపాలు అన్నీ అలసినవాళ్ల కోసం కట్టినవే.

అంత ఘనత ఉన్నచోట ఇప్పుడు వినిపిస్తున్నది మళ్లీ ఆ మాటే. అరవై దాటినవాళ్లు, గుండెజబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని తిరుమల దేవస్థానం 2024లో సూచన చేసింది. మెట్ల మీద గుండె ఆగిపోయిన మనుషులున్నారు కాబట్టి ఆ భయాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే రావద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఎంతవరకు రావచ్చో కూడా చెప్పాలి. అలిపిరి దారి మొత్తం ఒకే తీరుగా ఉండదు. గాలిగోపురం దాకా ఊపిరి తీసే ఎక్కుడు. ఆ తరవాత మోకాళ్ల మెట్టు వచ్చేదాకా చాలా దూరం దాదాపు చదును, అందులో కొంతమేర ఘాట్ రోడ్డు పక్కనే సాగుతుంది. మోకాళ్ల మెట్టు పేరులోనే దాని సంగతి ఉంది. రామానుజులవారు మోకాళ్లతో ఎక్కారని చెప్పుకునే నిట్రమైన చోటది. గుండె బలం లేనివాళ్లు మధ్యలో ఆ చదును ముక్క నడిచి, మళ్లీ బండెక్కి కొండకు చేరే ఏర్పాటు చేయలేనిదేమీ కాదు. రోడ్డు ఉంది, దారి ఉంది, బండ్లు ఉన్నాయి. పెద్దవాళ్లను దింపి ఎక్కించుకునే ఒక చోటు కావాలి. ఆ చదునులో ఎన్ని మెట్లున్నాయో, బల్ల ఎక్కడుందో, మరుగుదొడ్డి ఎంత దూరమో, డాక్టరు ఎక్కడ దొరుకుతాడో చెప్పే పటం కావాలి.

అలిపిరి పాదాల మండపం దగ్గర ఆ పటం తెలుగులో, పెద్ద అక్షరాల్లో పెట్టించమని దేవస్థానానికి మనవి. విదేశాల్లో ఉన్న పిల్లలకు మరో మనవి. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు హోటలు గది చూపించేముందు దారి పటం వాళ్ల చేతికివ్వండి. డాక్టరును అడగండి, వాళ్లనూ అడగండి. కుమానోకు వచ్చేవాళ్లు హొస్షిన్‌మొన్ బస్సు వేళలు ముందుగా చూసుకోవాలి, రోజుకు కొన్నే ఉంటాయి. వాన పడిన మర్నాడు బండలు జారతాయి. హొంగూ ఆలయం ముందువైపు 158 రాతిమెట్లున్నాయి. ఈ దారిలో దిగి వచ్చేవాళ్లు మాత్రం వెనకవైపు నుంచి చేరతారు, కాబట్టి ఆ మెట్లు ఎక్కే పని లేదు.